పాచి మీద పరిశోధన

“పాచి మీద పరిశోధనా? అయితే మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడకి ఎప్పుడో డాక్టరేట్ ఇచ్చి ఉండాల్సింది!”

తనిఖీ అధికారి వేసిన జోకు ఇది. పరిశోధనకి గైడుగా ఉన్న ప్రొఫెసరు పగలబడి నవ్వాడు. పరిశోధకురాలికి నవ్వు రాలేదు. ఈ ప్రయోగశాల ఉండాలో ఊడాలో తేల్చేది ఈ పెద్దమనిషే. మూసెయ్యమంటే ఆమె నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

అంతటితో ఆగాడా? గదులన్నీ కలియదిరిగాడు. కిటికీ మీద వేలితో గీసి దుమ్ము చూపించాడు. “శుభ్రత అంటే ఏమిటో నన్ను చూసి నేర్చుకోండి,” అన్నాడు. మూలగదిలో చిన్న పంపు బుడబుడమంటుంటే, మనిషి లేని చోట కరెంటు దండగని స్విచ్ కట్టేశాడు. పళ్లెంలోని బిస్కెట్లన్నీ ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, ప్రయోగం రేపొచ్చి చూస్తానని సాయంత్రం కారెక్కాడు.

ఆ పంపే ఆమె పెంచుతున్న సూక్ష్మజీవులకు నెల రోజులుగా తిండి అందిస్తోంది. ఆమె వెళ్లి చూసేసరికి గాజుపలకల మీది పొర మొత్తం ఊడి నీళ్లలో తేలుతోంది.

“రేపు ఏం చూపిస్తామమ్మా?” గైడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

“ఏదో ఒకటి దొరక్కపోదు సార్.”

మర్నాడు అధికారి చిటపటలాడుతూ వచ్చాడు. నోటికి చేతిరుమాలు అడ్డం. గది కంపు కొడుతోందేమోనని గైడు హడలిపోయి కిటికీలన్నీ బార్లా తెరిచాడు. బిస్కెట్లు పెడితే అధికారి తల అడ్డంగా ఊపాడు. నిన్నటి ఉపన్యాసాలు లేవు.

“ఊఁ, చూపించు.” రుమాలు చాటునుంచి మాట ముద్దగా వచ్చింది.

ఆమె మైక్రోస్కోపు తెర వెలిగించింది. ఆకుపచ్చగా మెరుస్తూ ఒక ఊరే కనిపించింది.

“ఆ పొడుగాటి పోగులు శిలీంధ్రానివండి. ఇంటికి వాసాల్లాంటివి. వాటిని పట్టుకుని మూడు రకాల బాక్టీరియా కాపురం పెట్టాయి. ఒకటి వదిలేసింది ఇంకోదానికి తిండి. అంతా కలిసి జిగురుతో పైకప్పు వేసుకున్నాయి. మందు పోస్తే పైవే చస్తాయి. లోపలివి చెక్కుచెదరవు.”

అధికారి కళ్లు చేటలంతయ్యాయి. “నలుగురు తోడికోడళ్లు ఒకే వంటింట్లో! అదీ గొడవ లేకుండా! మా కమిటీలో ఇద్దరికే పడి చావదు. వీటిని కంటికి రెప్పలా కాపాడాలమ్మా!”

అక్కడికక్కడే ప్రయోగశాల కొనసాగాల్సిందేనని రాసి సంతకం గీకాడు. గైడు కళ్లు తుడుచుకున్నాడు.

“ఇంతకీ ఇంత అద్భుతమైన జాతుల్ని ఎక్కణ్నుంచి పట్టుకొచ్చావు? అడవిలోంచా? సముద్రం అడుగునుంచా?”

ఆమె ఆ కాగితాన్ని ఫైల్లో భద్రం చేసి, మూతపెట్టిన గాజుగిన్నె ఒకటి ఆయన ముందుకు జరుపుతూ మెల్లగా అంది: “నిన్న చేతులు కడుక్కునే చోట మీరు మరిచిపోయిన పళ్లసెట్టు మీదనుంచి సార్.”