మంచు వీడని అద్దం

పొద్దున పదకొండు దాటినా ఇంటి కప్పులో బిగించిన అద్దం మీద మంచు వీడలేదు. ఇమాం హుస్సేన్ వెదురు కర్రకు గుడ్డ చుట్టి, పీట ఎక్కి లోపలి నుంచి తుడిచాడు. దిగి చూశాడు. మళ్ళీ ఎక్కి తుడిచాడు. అరవయ్యారేళ్ళ వయసులో ఇంటి కప్పుకు చాకిరీ చేస్తున్నందుకు ఆయనకు తన మీద తనకే నవ్వొచ్చింది.

"శుభ్రంగానే ఉందిగా, ఇంకేం తుడుస్తారు?" అంది భార్య మాబూబీ. పీట పట్టుకోమంటానని భయపడి అలా అంటోందనుకున్నాడు.

సత్తెనపల్లి చుట్టుపక్కల రైతులు మార్కెట్ యార్డుకు పంపేముందు మిర్చి తెచ్చి ఆయనకు చూపిస్తారు. ఏది మేలు కాయో, ఏది రంగు పోయిన తాలు కాయో చెప్పడం నలభై ఏళ్ళుగా ఆయన పని. ఎండలో ఏ కాయైనా మెరుస్తుందని, ఇంట్లో నీడపట్టునే చూడటం ఆయన పద్ధతి. అలాంటిది కిందటి నెల ఆయన మేలని పంపిన అంకమ్మరావు బస్తాల్లో బోలెడు తాలు బయటపడింది. యార్డులో నలుగురి ముందూ తల కొట్టేసినట్టయిందని అంకమ్మరావు ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళాడు. ఇంకోసారి అలా జరిగితే ఏ రైతూ ఈ గడప తొక్కడు. తప్పంతా తాను కాయ చూసే మధ్య గది చీకటిదేనని ఇమాం హుస్సేన్ తేల్చేశాడు.

వెల్డింగు షాపు యలమంద, వెలుతురు కోసమైతే పెంకుల మధ్య రెండు గాజు పెంకులు పెడితే చాలన్నాడు. కానీ ఆయన అప్పటికే ఫోన్లో 'మంచు పడే ప్రాంతాల్లో కప్పుకు కిటికీ' అనే వీడియో నాలుగుసార్లు చూసేశాడు. జనవరి పొద్దుటపూట మన ఊళ్ళో ఎదురొచ్చే బర్రె కూడా కనపడదు కాబట్టి మనదీ మంచు ప్రాంతమేనని వాదించాడు.

"ఆ మంచు వేరు బాబాయ్. అక్కడ మోకాలెత్తు పడుద్ది, పారలతో ఎత్తిపోస్తారు."

"మంచు ఎక్కడైనా మంచేరా. వాళ్ళు చెప్పినట్టే బిగించు."

అలా పల్నాటి ఎండలో, మంచు జారిపోయేంత ఏటవాలుగా, రెండు పొరల అద్దంతో, దక్షిణానికి మొహం పెట్టుకుని కిటికీ లేచింది. మధ్యాహ్నమయ్యేసరికి గదిలో పొయ్యి పక్కన కూర్చున్నట్టే ఉండేది. మంచు ఎత్తడానికి పార కావాలా సాయిబూ అని ఊళ్ళోవాళ్ళు అడిగితే, రెండు పంపించండి అనేవాడు. తన తెలివిని ఎవరో వెక్కిరించేలోపు తానే వెక్కిరించుకోవడం ఆయనకు అలవాటే. నవ్వులు భరించాడు గానీ వెలుతురు మాత్రం రాలేదు. ఎప్పుడు చూసినా అద్దం పొగచూరినట్టు తెల్లగా ఉండేది. పొరల మధ్య తేమ చేరితే అలా అవుతుందని వీడియోలో చెప్పారని అద్దం మార్పించాడు. కొత్తదీ అంతే.

ఇవాళ అంకమ్మరావు మళ్ళీ కాయ తెస్తున్నాడు. ఇదే ఆఖరి అవకాశం. ఇమాం హుస్సేన్ యలమందను పిలిపించి, పైనుంచి అద్దం తళతళలాడేలా తుడవమని కప్పెక్కించాడు. తను సెంటర్ దాకా ఎదురెళ్ళి అంకమ్మరావును వెంటబెట్టుకొచ్చాడు.

అంకమ్మరావు చాప మీద నాలుగు గుప్పిళ్ళు పోశాడు. "చూసి చెప్పు సాయిబూ. నీ మాట మీదే లారీ కదులుద్ది."

ఇమాం హుస్సేన్ ఒక కాయ తీసి వెలుతురుకెత్తాడు. ఎరుపు ఎక్కడ ఆగిందో, తెలుపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఇంకోటి తీశాడు. అదీ అంతే. నలభై ఏళ్ళలో మొదటిసారి మిరపకాయను చూసి భయమేసింది. ఆ భయం బయటపడకుండా గొంతు పెంచి పైకి చూశాడు. అదే తెలుపు, అదే పొగ.

"ఒరేయ్ యలమందా, మంచు ఇంకా అలాగే ఉంది. ఇంతసేపూ ఏం తుడిచావురా ఆ అద్దాన్ని?"

మాబూబీ పైకి చూసింది. అంకమ్మరావూ చూశాడు.  కప్పు మీద నుంచి యలమంద గొంతు మెల్లగా వినిపించింది.

"అద్దం ఊడదీసి అరగంటయింది బాబాయ్."