రేకులు తీసే చెయ్యి

ఇంట్లో వ్యాపారం చేసేవాళ్ళు ఇంటి మనుషుల్ని కూడా కార్మికులుగా నమోదు చెయ్యాలని కొత్త చట్టం వచ్చింది. ఆత్రేయపురంలో పూతరేకులు చేసి అమ్మే సత్యవేణి, అత్తగారు మంగాయమ్మ పేరే అందరికన్నా ముందు రాసింది. నలభై ఏళ్ళ చాకిరీకి ఇన్నాళ్ళకైనా గుర్తింపు దక్కుతుందని సంబరపడింది. వయసు అడిగినచోట అరవై ఎనిమిది అని నిజమే నింపింది. అరవై దాటితే పని మానాలన్న ముక్క కింద చిన్న అక్షరాల్లో ఉంది. అది చదవలేదు.

కార్మికురాలి కార్డు ఇచ్చి, రూల్సు తప్పకుండా కనిపెట్టే మాట్లాడే పెట్టె ఒకటి సర్కారువాళ్ళు గోడకి బిగించి వెళ్ళారు. మర్నాడు పొద్దున్నే మంగాయమ్మ అలవాటుగా బోర్లించిన కుండ ముందు కూర్చుని, పిండినీళ్ళలో గుడ్డ ముంచింది. వెంటనే గోడ మీది పెట్టె, పొయ్యిని ఆర్పేసింది.

“రిటైరైనవారు పనిచోట ఉండరాదు,” అంది పెట్టె మర్యాదగా.

ఆవిడ లేచి గడప అవతల పీట వేసుకుంది. సత్యవేణి పొయ్యి వెలిగించి కూర్చుని గుడ్డ లాగితే మొదటి రేకు చిరిగింది. రెండోదీ చిరిగింది.

“అత్తయ్యా, పిండి పలచనైపోయిందంటారా?”

“రిటైరైనవారిని పని గురించి అడగరాదు,” అంది పెట్టె. పొయ్యి మళ్ళీ ఆరిపోయింది.

సత్యవేణికి ఏడుపొచ్చింది. “మీ మంచికనే రాశానండి. పేరు తీయించేస్తాను.”

“ఓసారి ఎక్కిన పేరు తియ్యరంట కదే. నీకు అత్తగా ఉన్నన్నాళ్ళూ నా వయసెంతో ఎవరూ అడగలేదు వేణీ. కార్మికురాలని రాశావు, ఒక్కరోజులో ముసలిదాన్నైపోయాను.”

సత్యవేణి కళ్ళు తుడుచుకుని, పొయ్యి వెలిగించి, గుడ్డ ముంచింది. గడప అవతల మంగాయమ్మ నోరు మెదపకుండా, ఒట్టి చేత్తో గాలిలో గుడ్డ లాగి చూపించబోయింది.

పొయ్యి మూడోసారి ఆరిపోయింది.