మంచు ఫ్యాక్టరీ స్థలం

కౌన్సిల్ హాలు బాల్కనీలో ముందు వరస కుర్చీ పట్టేసుకుని, అత్తగారు కింద మాట్లాడుతున్న కోడలి వైపు కొరకొరా చూస్తోంది.

"మా వార్డులో మూతపడ్డ మంచు ఫ్యాక్టరీ స్థలం కౌన్సిల్‌దే. అక్కడ దుకాణాలు కట్టించమని కోరుతున్నాను, అధ్యక్షా!" అంది కోడలు.

దుకాణాలట! అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదూ మరి? ఆ వీధిలో పిల్లలు ఆడుకోవడానికి జానెడు చోటు లేదు. నడిరోడ్డు మీదే బంతాట. పోయిన నెలలో బంతి వెనక పరిగెత్తిన మనవణ్ణి స్కూటరు గుద్దేసింది. చేతికి కట్టు ఇంకా విప్పలేదు. వాడికి చొక్కా తొడగాలంటే ఇప్పటికీ ఇంటిల్లిపాదీ కూడాలి.

ఆ స్థలంలో పార్కు వస్తే బాగుండునని వీధి వీధంతా ఆశపడుతోంది. అత్తగారే కోడల్ని కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"పార్కు అడగవే అమ్మాయ్, నీకు పుణ్యముంటుంది."

"చూద్దాం అత్తయ్యా" అంది కోడలు. చూడడమంటే ఇదన్నమాట!

నిజం చెప్పాలంటే, ఈ కౌన్సిల్లో పార్కు పేరెత్తడం తేనెతుట్టె కదపడమే. ఎవరైనా తన వార్డుకు పార్కు కావాలన్నారా, "మాకు లేనిది మీకెందుకు?" అంటూ మిగతా వార్డులన్నీ లేచి నిలబడతాయి. అలా ఏళ్ళు గడిచిపోయాయి గానీ ఊళ్ళో ఒక్క కొత్త పార్కూ రాలేదు. అందరూ తనకు లేదని ఒక కంట, ఎదుటివాడికి ఉందని రెండో కంట ఏడ్చే మహానుభావులే. అయితే మాత్రం? అడగందే అమ్మయినా పెట్టదు. ఈ పిల్ల అడిగి చూడాలా వద్దా?

కోడలు ఇంకా కూర్చోనేలేదు, ఎదుటి పక్షంలోంచి కంచుకంఠం లేచాడు. ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్ళకైనా గుర్తుందో లేదో గానీ, ఊరంతా అలాగే పిలుస్తుంది. మైకు ఇస్తే పక్కకు తోసేస్తాడు. కోడలికీ ఆయనకీ ఉప్పూ నిప్పూ. ఆమె ఎడ్డెమంటే ఆయన తెడ్డెమంటాడు.

"ఎవరి కోసమమ్మా ఈ దుకాణాలు? నీ చుట్టాలకా, నీ వెనక తిరిగేవాళ్ళకా?"

"జనం కోసమేనండీ..."

"జనానికి కావాల్సింది గాలీ వెలుతురూ! రోడ్ల మీద పడి పిల్లలు చేతులు విరగ్గొట్టుకుంటున్నారు. కన్నతల్లివే, నీకు పట్టదా? అక్కడ పార్కే పెట్టాలి అధ్యక్షా! ఒక్క గోడ లేచిందా, వెళ్ళి ఆ పునాదుల్లో పడుకుంటాను!"

బాల్కనీలో అత్తగారు తనకు తెలియకుండానే చప్పట్లు కొట్టేసింది. బంట్రోతు పరిగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మా, ఇక్కడ చప్పట్లు కొట్టకూడదు."

"పోనీ, ఈల వెయ్యొచ్చా?" అని అడిగిందావిడ.

విచిత్రమేమిటంటే, వంటింట్లోంచి కేకేస్తే వీధి చివర కూరగాయల బండి ఆగిపోయే కోడలు ఇవాళ పిల్లిలా నసిగింది. "అద్దెలొస్తాయి కదండీ" అని గొణిగి ఊరుకుంది.

అద్దెల మాట వినగానే హాలంతా చెవులు నిక్కబొడుచుకుంది. ఆ దుకాణాలేవో ఆమె చేతికి వెళ్ళిపోతాయన్న ఊహకే అందరి కడుపులూ మండాయి. అటు పక్షం, ఇటు పక్షం అన్న తేడా పోయింది. తమ వార్డుకు పార్కు రాకపోయినా ఫరవాలేదు, ఆమె వార్డుకు దుకాణాలు మాత్రం రాకూడదు. పార్కుకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నారు మేయరుగారు. కోడలు తప్ప ఎత్తనివాళ్ళు లేరు.

పార్కు ఖాయమైపోయింది.

అత్తగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కానీ మెట్లు దిగి వచ్చి చూసేసరికి, కోడలు వరండాలో ఒంటరిగా నిలబడి ఉంది. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. ఎంతైనా తన ఇంటి పిల్ల. నలుగురిలో అన్నేసి మాటలు పడింది.

ఇంటికి నడుస్తూ అత్తగారే నోరు విప్పింది.

"అంతంత మాటలంటాడా వాడు? కన్నతల్లివే, పట్టదా అంటాడా? వాడి నోట్లో మన్ను పొయ్య!"

"మీరు చప్పట్లు కొట్టారుగా అత్తయ్యా!"

"అది పార్కుకే! నిన్ను తిట్టినందుకు కాదు. అయినా నీది మాత్రం తప్పు కాదా? వాడి చేత అనిపించుకునే దాకా తెచ్చుకోవడం దేనికి? ఇకమీదట వాడు ఎదురుపడినా పలకరించకు."

"అలాగే అత్తయ్యా" అంది కోడలు బుద్ధిగా.

కబురు వినగానే మనవడు కట్టున్న చెయ్యి సంగతి మరిచిపోయి గెంతబోయాడు. నాయనమ్మ వాణ్ణి ఒడిసి పట్టుకుని, కట్టు విప్పేదాకా పార్కు ఎక్కడికీ పోదని నచ్చజెప్పి కూర్చోబెట్టింది. కోడలు వంటింట్లోకి వెళ్ళి పిండి కలపడం మొదలెట్టింది. వాడిన మొహంతో పని చేసుకుంటోందేమోనని అత్తగారు రెండుసార్లు తొంగి చూసింది. కోడలు వెనక్కి తిరగలేదు.

హాల్లో ఫోన్ మోగింది.

"అత్తయ్యా, చేతులకు పిండి ఉంది. కాస్త తీయరూ!"

అత్తగారు ఫోన్ చెవికి ఆనించుకుని, హలో అనే లోపే అవతలి గొంతుకు చెవులు గింగురుమన్నాయి.

"చెల్లెమ్మా, అనుకున్నట్టే అయిపోయిందిగా, వచ్చే నెల మా వార్డులో గోడౌన్లు కడతానని నేనంటాను, నువ్వు నన్ను ఇంతకు రెండింతలు తిట్టిపోసి పార్కు పెట్టించెయ్యాలి సుమా!"