రంగు రజను

ఒక వాగు మడుగులో బుడుబుంగ అనే నీటిపక్షి కాపురముండేది. మనుషులు ఆ మడుగులో పారేసిన ప్లాస్టిక్ సంచులు ఎండకు పెళుసెక్కి, ఆవగింజకన్నా సన్నని రజనుగా నీటిలో కలిసిపోయాయి. ఆ రజనును చేపలు మింగాయి. ఆ చేపలను తిని బుడుబుంగ పెద్ద పిల్ల చనిపోయింది. పిల్ల దేహం ఒడ్డున ఎండి చీలినప్పుడు తల్లి చూసింది: కడుపు నిండా ఎరుపు, నీలం, పసుపు.

చేపముళ్లు గుచ్చుకోకుండా తమ ఈకలు పెరికి పిల్లలకు మింగించడం బుడుబుంగల ఆచారం. ఈ తల్లి రొమ్ము బోసిపోయేదాకా పెరికింది. కానీ ముళ్లను ఆపిన ఈక రజనును ఆపలేకపోయింది.

అందుకే ఆమె మిగిలిన పిల్లను వీపున ఎక్కించుకుని ఎగువకు బయలుదేరింది.

"ఎక్కడికమ్మా ఈ ఊరేగింపు?" అంది ఒడ్డునున్న ముసలి కొంగ. "ఎగువన ఏముంది? అక్కడి చేప నా ముక్కు సందుకైనా చాలదు."

"చిన్నదైనా అది చేపే, కొంగ మామా. ఇక్కడి చేపలో సగం సంచే."

"మేమంతా తినడం లేదా? పెద్దల మాట కాదంటావా?"

"అంటాను. మీ మాట విని ఒక బిడ్డను పోగొట్టుకున్నాను."

ఇంతలో వీపుమీది పిల్ల "అమ్మా, ఆకలి!" అని కీచుమంది.

కొంగ నవ్వింది. "విన్నావా? పస్తులు పెట్టి చంపుతున్నావు."

"విన్నాను మామా. దీని అన్న చివరి మూడు రోజులూ ఆకలి అనలేదు. దీన్ని అరవనివ్వండి," అని తల్లి ప్రవాహానికి ఎదురుగా బలంగా కాళ్లు తన్నింది.