బర్బరుడి వీపు

"వీడు గ్రీకువాడు కాదు. వీడితో నేను కుస్తీ పట్టను!" థ్రాసిలస్ ఇసుకలో కాలు తన్ని అరిచాడు.

గ్రీకులకు తప్ప ఇంకెవరికీ చోటులేని ఒలింపియా ఆటల్లో పోటీదారులను పరీక్షించే పెద్దాయన నికాండ్రస్ తలెత్తాడు. ఎదురుగా అంటాండ్రస్ నిలబడి ఉన్నాడు. ఎక్కడో నల్ల సముద్రం ఒడ్డున గ్రీకులు వలస వెళ్లి కట్టుకున్న ఊరు అతనిది. మనిషి ఏనుగంత, మాట మాత్రం నత్తనడక. ఆ భుజాలు చూసినప్పుడే థ్రాసిలస్‌కు గుండె జారింది. ఇవాళ పేరు చేర్చుకోకపోతే అంటాండ్రస్‌నే కాదు, అతని ఊరిని కూడా ఇంకెవరూ గ్రీకులదనరు.

"మాట్లాడించి చూడండయ్యా! నోట్లో అంజూరపండు కుక్కుకున్నట్టు బర్ బర్ బర్! ఇలా వాగేవాళ్లనే కదా మన తాతలు బర్బరులన్నారు?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. అంటాండ్రస్ ముఖం కందగడ్డయింది.

"మా తాత గ్రీకే, నాన్నా గ్రీకే అయ్యా."

"సాక్షి ఎవరు?" అన్నాడు పెద్దాయన.

"మా అన్న. ఓడ ఇంకా రాలేదు."

"వేరే రుజువు లేదా?"

"ఉంది... కానీ చెప్పుకునేది కాదయ్యా."

"చెప్పుకోలేనిది రుజువేంట్రా, నీ మొహం!" అన్నాడు థ్రాసిలస్.

"సరే, ఒంటికి చుట్టుకున్న ఆ గుడ్డ తియ్యి," అన్నాడు పెద్దాయన.

ఒంటిమీద నూలుపోగు లేకుండా కసరత్తు చేయడం గ్రీకులకు గొప్ప. మనం ఇవాళ జిమ్ అంటున్న మాట పుట్టిందే ఆ దిగంబరత్వంలోంచి. పరాయివాళ్లయితే సిగ్గుతో చచ్చిపోతారు.

అంటాండ్రస్ గుడ్డను గట్టిగా పట్టుకున్నాడు.

"చూశారా సిగ్గు! బర్బరుడే!" థ్రాసిలస్ వెనక నుంచి దాన్ని లాగిపారేశాడు.

వీపంతా బెత్తం వాతలు. నవ్వులు ఆగిపోయాయి.

"అయ్యో, బర్బరుడు కూడా కాదు, బానిస! దెబ్బలు తినేది బానిస వీపేగా! తరిమేయండయ్యా!" అన్నాడు థ్రాసిలస్.

అంటాండ్రస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దాయన లేచి వచ్చి ఆ మచ్చలను వేలితో తడిమాడు.

"పోయిన ఒలింపిక్స్‌లో, పిల్లల కుస్తీలో ఎదుటివాడి వేలు విరిచింది నువ్వేనట్రా?"

"తప్పయిపోయిందయ్యా. అది మా ఊళ్లో కూడా ఎవరికీ చెప్పలేదు."

పెద్దాయన వెనక్కి తిరిగాడు.

"వీడి పేరు చేర్చుకోండి. ఆ తప్పుకు ఇక్కడే ఈ వాతలు పెట్టించింది నేనే. ఇక్కడ దెబ్బలు తినాలన్నా గ్రీకువాడై పుట్టాలి."