తప్పు దొరకని అమ్మాయి

“మళ్లీ నాలుగు మార్కులే ఇచ్చారు మేడమ్!”

“ఆ నాలుగూ నీ మొహం చూసి ఇచ్చాను. ఇందులో నువ్వు చేసిన తప్పేదీ?”

“ఏం చేయలేదండీ. పాఠం బాగానే జరిగింది.”

“అదే మరి!” అంది మేడమ్, దొంగను పట్టుకున్నంత ఉత్సాహంగా.

ఆ యూనివర్సిటీలో టీచర్ ట్రైనింగ్ చదివేవాళ్లంతా వారం వారం బ్లాగు రాయాలి. బడికి వెళ్లి పిల్లలకు పాఠం చెప్పినప్పుడు తామేం పొరపాటు చేశారో, దాన్నుంచి ఏం నేర్చుకున్నారో అందులో పెట్టాలి. క్లాసంతా చదివి కింద కామెంట్లు రాయాలి. ఈ పద్ధతి తెచ్చింది మేడమే. అందుకే విద్యార్థులు ఆమెకు ముద్దుగా ‘ఆత్మపరిశీలన’ అని పేరు పెట్టుకున్నారు. మరీ అంత ముద్దుగానేం కాదు.

మిగతావాళ్లు గడుసువాళ్లు. చేయని తప్పులు వండి వడ్డించేవాళ్లు. ఒకడు, నవ్వని పిల్లాణ్ణి నవ్వించలేకపోయానని రెండు పేజీలు ఏడ్చి పద్దెనిమిది కొట్టేశాడు. ఈ అమ్మాయికే ఆ విద్య పట్టుబడలేదు.

మేడమ్‌కీ ఒక బ్లాగుంది. యూనివర్సిటీకి రాకముందు చిన్నపిల్లల బడిలో పన్నెండేళ్లు పనిచేసిన అనుభవమంతా అందులో పోసింది. ప్రతి పాఠమూ విజయమే, ప్రతి పిల్లా బంగారమే. పిల్లల మనసు గురించి ఆమె రాసింది చదివితే రాయికి కూడా కన్నీళ్లొస్తాయి.

“ఇంకొక్క బ్లాగే మిగిలింది,” అంది మేడమ్. “అందులోనూ తప్పు లేకపోతే కోర్సు తప్పుతావు. సర్టిఫికెట్ రాదు. ‘నేను’ అని మొదలుపెట్టు. నీకు తెలిసి ఒక పిల్లకు జరిగిన అన్యాయం రాయి.”

“నిజంగా జరిగిందే రాయాలాండీ?”

“నిజమే కావాలి నాకు!”

సర్టిఫికెట్ లేకపోతే టీచరుద్యోగం లేదు. చిన్నప్పటినుంచి ఆ అమ్మాయికి వేరే కోరికే లేదు. నలుగురు పిల్లల ముందు నిలబడి, ఎవరినీ భయపెట్టకుండా పాఠం చెప్పాలి, అంతే.

సోమవారం మేడమ్, అమ్మాయి రాసిన ఆ చివరి బ్లాగును క్లాసులో పెద్ద తెర మీదకు ఎక్కించి, పైకి చదవడం మొదలుపెట్టింది.

‘నేను మూడో తరగతికి పాఠం చెబుతున్నాను. బోర్డు మీద రాసింది ఒక పిల్ల తప్పుగా చదివింది. బెంచీ ఎక్కించాను. తప్పు చదివినప్పుడల్లా అందరూ చప్పట్లు కొట్టాలన్నాను. వారం రోజులు కొట్టారు. మొద్దు అని పేరు పెట్టాను. పిల్లలు ఆమె అసలు పేరు మర్చిపోయారు. రెండు నెలలకు బడికి కళ్ల డాక్టరు వచ్చాడు. ఈ పిల్లకు బోర్డే కనబడదు, ఇన్నాళ్లూ ఎవరూ చూసుకోలేదా అన్నాడు. నేను “అలాగా” అని, హాజరు పట్టీ తెరిచాను. ఆ పిల్లతో ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు.’

మేడమ్ గొంతు వణికింది. నిజంగానే వణికింది.

“నీకు మనసెలా ఒప్పిందే?”

అమ్మాయి తలొంచుకుంది. పక్కనున్న స్నేహితురాలు కాస్త ఎడంగా జరిగి కూర్చుంది.

“రాసినందుకు ఇరవైకి ఇరవై. మార్కుల దగ్గర నేను మాట తప్పను,” అంది మేడమ్. “కానీ ఇలాంటి మనిషిని బడి గడప తొక్కనివ్వను. సర్టిఫికెట్ ఆపమని ఈరోజే పైకి రాస్తాను.”

అమ్మాయి లేచి నిలబడింది. “మేడమ్, అసలు జరిగిందేమిటంటే...”

“నోరు మూసుకో! ఇక్కడ ఒక పద్ధతుంది. ఏం చెప్పుకున్నా కామెంట్లో చెప్పుకో. అందరూ చూస్తారు.”

అంటూనే తన కామెంటు టకటకా కొట్టేసింది. అక్షరాలు తెర మీద ఒక్కొక్కటే పడ్డాయి. ‘ఆ పిల్ల ఏమైపోయిందో ఒక్కసారైనా ఆలోచించావా? నేనే గనక అలాంటి పని చేసుంటే, జన్మలో మళ్లీ సుద్దముక్క పట్టుకునేదాన్ని కాదు.’

క్లాసులో కొందరు తలూపారు. ఒకరిద్దరు దానికి లైకు కూడా కొట్టారు.

అమ్మాయి కూర్చుని ఫోన్ తీసింది. రెండుసార్లు చెరిపి రాసింది. మేడమ్ చేతులు కట్టుకుని తెర వైపు తిరిగి నిలబడింది. కామెంటు కింద జవాబు వచ్చి పడింది.

‘ఆ పిల్ల నేనే మేడమ్, బాగానే ఉన్నాను, మా మూడో తరగతి టీచరు మీరు.’