దూరమా?

ఇప్పుడు ఏ దేశంలో కొన్న కారైనా దారి తానే చూసుకుంటుంది, తిరిగిన చోట్లన్నీ గుర్తుపెట్టుకుంటుంది. తలుపు మూయగానే ఒకటే ప్రశ్న: “ఎక్కడికి?” జపాన్‌లో ఎవరికీ అభ్యంతరం లేదట. మా అనసూయక్కకు ఉంది.

ఆ రోజు పదింటికి అక్కకు కంటి ఆపరేషన్. తప్పితే మళ్ళీ మూడు నెలలు ఆగాలి. మా జపాన్ కారు అడగ్గానే అక్క దిగిపోయింది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని వచ్చింది. కారు మళ్ళీ అడిగింది. అక్క మళ్ళీ దిగింది.

“బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడుగుతారట్రా? నీళ్ళతోనే నా కడుపు నిండిపోయేట్టుంది.”

“పరాయి దేశంలో పుట్టింది కదక్కా, దానికి చెప్పినవాళ్ళు లేరు.”

తొమ్మిదిన్నరయింది. అక్క లోపలుండగా కారుకు ఆసుపత్రి పేరు చెప్పి, మెల్లగా అన్నాను: “అలా అడక్కూడదు. ‘దూరమా?’ అనాలి.” నా భార్య విమల ఉన్నన్నాళ్ళూ గుమ్మంలో నిలబడి అలాగే అడిగేది.

అక్క మూడోసారి ఎక్కింది. “దూరమా?” అంది కారు.

“కాస్త దూరమేనమ్మా,” అని అక్క కొంగు సర్దుకుని కూర్చుంది. ఆపరేషన్ వేళకే జరిగింది.

మర్నాడు అక్క చుక్కలమందు కోసం ఒక్కణ్ణే కారెక్కాను.

“దూరమా?”

నాలుగేళ్ళయింది నన్నెవరైనా ఆ మాట అడిగి.

“దగ్గరే,” అన్నాను. “ఇప్పుడే వచ్చేస్తా.”